32 వేల గ్యాలన్ల ఇంటి ఈతకొలనుకు సాల్ట్ సెల్ ఎంపిక: అనుభవాలు చెప్పగలరు

ఫ్రిస్కో_డాలస్:
అందరికీ నమస్కారం. మేము కొన్న ఇంటి వెనుక 32 వేల గ్యాలన్ల ఈతకొలను ఉంది. పాత యజమానులు ఏళ్ల తరబడి క్లోరిన్ బిళ్లలే వాడారు. ఆ బిళ్లలు కరిగినప్పుడల్లా క్లోరిన్‌తో పాటు సయనూరిక్ ఆమ్లం కూడా నీటిలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ ఈ ఆమ్లం మిగిలిపోయి పేరుకుంటుంది, మరీ ఎక్కువైతే క్లోరిన్ పనితనం తగ్గుతుంది కాబట్టి, సగానికి పైగా నీరు తీసివేసి కొత్త నీరు నింపవలసి వచ్చింది. ఇకమీదట ఉప్పునీటి పద్ధతికి, అంటే నీటిలో కలిపిన ఉప్పు నుంచి కరెంటుతో క్లోరిన్ తయారు చేసే సాల్ట్ సెల్‌కు, మారాలని నిర్ణయించుకున్నాము. మా కాంట్రాక్టరు 40 వేల గ్యాలన్ల వరకు పనిచేస్తుందని రాసి ఉన్న సెల్ చాలునంటున్నారు. పెంటెయిర్ ఐసీ40, ఐసీ60, హేవార్డ్ టీ-15 మా పరిశీలనలో ఉన్నాయి. మా కొలనుపై రోజంతా ఎండ పడుతుంది. వాడుతున్నవారు చెప్పగలరు.

కేటీ_హ్యూస్టన్:
పెట్టె మీద రాసిన గ్యాలన్ల అంకెను పక్కన పెట్టి, ఆ సెల్ రోజుకు ఎన్ని పౌండ్ల క్లోరిన్ తయారు చేస్తుందో చూడండి. ఐసీ40 సామర్థ్యం 1.4 పౌండ్లు, టీ-15 సామర్థ్యం 1.47 పౌండ్లు, ఐసీ60 సామర్థ్యం 2 పౌండ్లు. ఇవన్నీ పంపు 24 గంటలూ ఆగకుండా నడుస్తూ, సెల్ నూటికి నూరు శాతంపై ఉన్నప్పటి లెక్కలు. మన ఇళ్లలో పంపును అలా నడిపేవారు అరుదు.

మీ కొలనుకే లెక్క వేద్దాం. 32 వేల గ్యాలన్ల నీటి బరువు సుమారు 2,67,000 పౌండ్లు. అందులో 1.4 పౌండ్ల క్లోరిన్ కలిస్తే దాదాపు 5.2 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి 5.2 భాగాలు) అవుతుంది. పంపు ఎనిమిది గంటలే నడిస్తే అందులో మూడో వంతు, అంటే 1.7 పీపీఎం మాత్రమే దక్కుతుంది. జూలై, ఆగస్టు నెలల టెక్సాస్ ఎండలో మీ కొలను రోజుకు మూడు పీపీఎం వరకు, పిల్లలు ఎక్కువగా ఈదిన రోజుల్లో అంతకంటే ఎక్కువ కూడా, ఖర్చు చేయవచ్చు. అందుచేత 40 వేల అంకె చూసి కొన్న సెల్ మీకు వేసవిలోనే, అంటే అసలు అవసరమైన కాలంలోనే, చాలకుండా పోతుంది. ఐసీ60 తీసుకుని పంపును పన్నెండు గంటలు నడిపితే 3.7 పీపీఎం వస్తుంది కనుక సెల్‌ను 80 శాతంపై పెట్టుకున్నా అవసరం తీరుతుంది.

పెద్ద సెల్ దుబారా అనుకోకండి. లోపలి టైటానియం పలకలపై ఉండే పూత ఆయుష్షును సెల్ పనిచేసిన గంటల్లో లెక్కిస్తారు. సాధారణంగా పది వేల గంటలు అంటారు. తక్కువ శాతంపై పెడితే సెల్ ఆ మేరకు తక్కువ సేపే పనిచేస్తుంది, కాబట్టి ఎక్కువ ఏళ్లు వస్తుంది. మీ పంపు వేగం మార్చుకోగలిగేదైతే తక్కువ వేగంతో ఎక్కువ గంటలు నడపండి, కరెంటు బిల్లు అంతగా పెరగదు. ఆ వేగంలో సెల్‌లోని ఫ్లో స్విచ్ (నీటి ప్రవాహాన్ని గుర్తించే స్విచ్) ఆన్‌లోనే ఉంటోందా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి.

ఎండను తట్టుకోవడానికి సయనూరిక్ ఆమ్లం ఉప్పునీటి కొలనుకూ అవసరమే. అది బొత్తిగా లేకపోతే నడి ఎండలో సగం క్లోరిన్ గంటలోపే పోతుంది. 60 నుంచి 80 పీపీఎం మధ్య ఉంచండి.

ఫీనిక్స్_అరిజోనా:
పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ఎడారి ప్రాంతపు అనుభవం కొంత జోడిస్తాను. ఇక్కడి కుళాయి నీరే కాల్షియం ఎక్కువగా ఉండే గట్టి నీరు. నీరు ఆవిరైన కొద్దీ కొత్త నీరు పోస్తాము, ఆవిరితో కాల్షియం పోదు కాబట్టి అది ఏటా పెరుగుతూనే ఉంటుంది. సెల్‌లో హైడ్రోజన్ పుట్టే పలక దగ్గర పీహెచ్ బాగా ఎక్కువగా ఉండటంతో సున్నం ముందుగా అక్కడే కడుతుంది. కొంతకాలానికొకసారి విద్యుత్ ధ్రువాలను తారుమారు చేసి ఆ పొరను రాల్చే ఏర్పాటు సెల్‌లో ఉన్నా, నీటిలో సమతుల్యం తప్పితే అది చాలదు.

పీహెచ్ పెరగడం ఈ పద్ధతిలో సహజం. సెల్ నుంచి వచ్చే సన్నని బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేస్తాయి. టోటల్ ఆల్కలినిటీని (నీటి మొత్తం క్షారతను) 60–80 పీపీఎం మధ్యకు దించాక మాకు పీహెచ్ తగ్గించే మ్యూరియాటిక్ ఆమ్లం వాడకం స్పష్టంగా తగ్గింది. పలకలను నీరు కలిపిన ఆమ్లంతో కడిగిన ప్రతిసారీ పూత కొంత అరుగుతుంది. సున్నం నిజంగా కనిపిస్తేనే కడగండి, నెలనెలా కడగమని చెప్పే సర్వీసు వారి మాట వినకండి.

శంకర్‌పల్లి_తోట:
హైదరాబాదు పక్కన మా తోటలో లక్షన్నర లీటర్ల కొలను ఉంది. ఇక్కడ సెల్ సామర్థ్యాన్ని గంటకు ఇన్ని గ్రాములని చెబుతారు కనుక లెక్క ఇంకా సులువు. గంటకు 30 గ్రాముల సెల్ ఎనిమిది గంటలు నడిస్తే 240 గ్రాములు. లక్షన్నర లీటర్లకు అది 1.6 పీపీఎం. లీటరుకు నాలుగు గ్రాముల ఉప్పు అడిగే యంత్రం కావడంతో మొదటిసారి ఆరు క్వింటాళ్ల ఉప్పు పట్టింది. అయోడిన్ కలపని, శుద్ధి చేసిన ఉప్పే వాడాలి. చవక అని కల్లుప్పు పోస్తే దానితో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా వస్తాయి, మా బోరు నీటిలో అవి ముందే ఎక్కువ. ఫిల్టర్‌ను వెనక్కి నీరు పంపి కడిగిన (బ్యాక్‌వాష్) నీటిని మామిడి మొక్కల పాదుల్లోకి వదలకండి. ఆ ఉప్పు నేలలో నిలిచిపోతుంది.

ఫ్రిస్కో_డాలస్:
ఎంతో ఉపకరించే వివరాలు, అందరికీ కృతజ్ఞతలు. ఐసీ60 వైపే మొగ్గుతున్నాను. మరి రెండు సందేహాలు. మా కొలను అంచున మెత్తని సున్నపురాయి పలకలు ఉన్నాయి, ఉప్పు వాటిని తినేస్తుందని పొరుగువారు అంటున్నారు. అలాగే చలికాలంలో సెల్ పనిచేస్తుందా?

ఆస్టిన్_సౌత్:
పొరుగువారి మాటలో నిజం ఉంది. నీటిలో 3,400 పీపీఎం ఉప్పు అంటే సముద్రపు నీటిలో పదో వంతే అయినా, అంచున చిందిన నీరు ఆరిపోయిన ప్రతిసారీ ఉప్పు మాత్రం రాతి రంధ్రాల్లో మిగిలి గట్టిపడి రాతిని పొరలుగా రాలుస్తుంది. గట్టి రాయికి ఈ బాధ తక్కువ. మీరు రాతికి లోపలికి ఇంకే రకం సీలర్ వేయించి, ఎండాకాలంలో అంచులను మంచినీటితో తరచుగా కడగండి. రాయి ఇప్పటికే పొడిగా రాలుతుంటే దాన్ని మార్చాకే ఉప్పు వేయమని నా సలహా.

చలికాలం గురించి: నీరు సుమారు 52 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే ఐసీ రకం సెల్స్ ఉత్పత్తి ఆపేస్తాయి. ఆ నెలల్లో క్లోరిన్ ఖర్చు కూడా చాలా తక్కువ, అప్పుడప్పుడు ద్రవ క్లోరిన్ పోస్తే సరిపోతుంది. గడ్డకట్టే రాత్రుల్లో మాత్రం పంపు ఆగకూడదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి మా వీధిలో ఎన్నో ఇళ్ల పైపులు, ఫిల్టర్లు పగిలాయి. సెల్‌ను యూనియన్లతో (చేత్తో విప్పగలిగే పైపు జాయింట్లతో) బిగించమని ముందే చెప్పండి, కరెంటు పోయినప్పుడు విప్పి నీరు వంపేసి లోపల పెట్టుకోవచ్చు.

కేటీ_హ్యూస్టన్:
బిగించేటప్పుడు సెల్ హీటర్ తర్వాత ఉండాలి, ఫ్లో స్విచ్‌కు ముందు కనీసం అడుగు పొడవున తిన్నని పైపు ఉండాలి. పంపు ఆగితే సెల్‌కూ కరెంటు ఆగేలా తీగలు కలపమని గట్టిగా చెప్పండి. నీటి ప్రవాహం లేకుండా సెల్ నడిస్తే లోపల హైడ్రోజన్ చేరి ప్రమాదం జరుగుతుంది.

ఉప్పు కొనేముందు నీటిలో ఇప్పటికే ఎంత ఉందో పరీక్షించండి. ఏళ్లుగా క్లోరిన్ వాడిన కొలనులో, కొంత నీరు మార్చినా, ఉప్పు చెప్పుకోదగినంత మిగిలే ఉంటుంది. సున్నా నుంచి మొదలై 3,400 పీపీఎంకు చేరాలంటే మీకు 900 పౌండ్లు, అంటే 40 పౌండ్ల సంచులు దాదాపు 23 కావాలి. ఇప్పటికే వెయ్యి పీపీఎం ఉంటే 16 చాలు. మొదట కొన్ని సంచులు తక్కువే వేసి, సెల్ ఆపి ఉంచి ఒక రోజంతా పంపు తిప్పి, మళ్లీ పరీక్షించాక మిగిలినవి వేయండి. ఎక్కువైన ఉప్పును తీయాలంటే నీరు పారబోయడం తప్ప వేరే దారి లేదు.