సమస్య (పద్యం ఈ పాదంతోనే ముగియాలి): బకుఁడు పొరుగువాఁడు బహు సుఖంబు

నిర్వాహకుడు: ఏకచక్రపురం జనం మీద ఒక్కడే నిలబడి ఆడే హాస్యానికి పద్యాలు కావాలి. బకుడు వేదిక మీదికి రాడు, పక్కన కాపురం చేసేవాళ్ళ మాటల్లోనే కనబడాలి. కానివ్వండి.

గోదారిగట్టు:
దొంగ రాఁడు రేయి, దొరలు పన్నడుగరు,
బండెఁ డన్న మంప భయము లేదు,
వంతు రానిదాఁక వాఁడు దేవుఁడె మాకు,
బకుఁడు పొరుగువాఁడు బహు సుఖంబు.

యతిభటుడు: మూడో పాదం పండింది. ‘వంతు రానిదాఁక’ దగ్గర నటుడు కాస్త ఆగితే చాలు. కానీ లెక్క తప్పింది. బకుడికి అన్నమొక్కటే కాదు, బండి లాగిన రెండు దున్నపోతులూ, తోలుకెళ్ళిన మనిషీ భోజనమే. నవ్వంతా ఆ మనిషి దగ్గరుంది, మీరు వాణ్ణి ఇంట్లోనే ఉంచేశారు. మొన్న మీ హిడింబ పద్యంలో ఘటోత్కచుడికీ ఇదే గతి పట్టింది.

గోదారిగట్టు: ఆటవెలదిలో ఊరంతా పట్టదు లెండి. తమరి హిడింబ పద్యం రెండో పాదంలో యతిని వెతకబోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు.

యతిభటుడు:
అన్నమొక్క బండి, యవి రెండు దున్నలు,
తోలువాఁడు వాని తొక్కుముద్ద;
అప్పు లిచ్చు దొరకు నా వంతు పడినచో
బకుఁడు పొరుగువాఁడు బహు సుఖంబు.

కావ్యకంటకం: తొక్కుముద్దకు వంద వీరతాళ్ళు. ‘యవి’ మాత్రం యతి కోసం అద్దెకు తెచ్చిన మాట. ‘యాపైన దున్నలు’ అనండి. ‘రెండు’ పోతే పోనీ, కాడికి కట్టేది ఎటూ రెంటినే.

పక్కవాటు:
భూతగణము లాడ భుజగముల్ బుసకొట్ట
నడుగఁగానె యిచ్చు నదియు నిదియు;
మనకు భయము లేల? మంచుకొండ దొర త్ర్యం
బకుఁడు పొరుగువాఁడు బహు సుఖంబు.

కావ్యకంటకం: ఆహా! బకుణ్ణి శివుడు మింగేశాడు. అయితే ‘దొర’లో ర గురువైతే గణం గల్లంతు.

పక్కవాటు: దొర తెలుగు మాట, త్ర్యంబకుడితో సమాసం లేదు. ర లఘువే.

యతిభటుడు: కాగితం మీద లఘువే. నటుడు ‘త్ర్యం’ను ఒత్తి పలికితే ర కూడా బరువెక్కుతుంది. ర తేల్చి, ‘త్ర్యం’ అన్నాక ఊపిరి తీసుకుని ‘బకుఁడు’ అనాలి.

తెరవెనక: బకుడి ఎత్తు మాటేమిటి? వాడి ముఖానికి బాల్కనీ కమ్మీ లాంటి గురుతు ఒకటి పెట్టుకుని, ప్రతి ఊరివాడూ అక్కడికే చూడాలి. ఒకడు కమ్మీకి, ఇంకొకడు పంకాకి చూస్తే బకుడు పద్యానికో సైజు మారతాడు. ఊరివాడు బకుడి మాట అప్పజెప్పేటప్పుడు తల ఎదురువైపు తిప్పి, చూపు దించి, నిదానంగా పలకాలి. రకుగో అనే జపాన్ హాస్యకథల ప్రదర్శనలో దిండు మీద కూర్చున్న కథకుడు తల కుడి ఎడమలకు తిప్పే ఇద్దరిని చూపిస్తాడు. గర్జన గొంతుతో వద్దు, రెండో పద్యానికే బొంగురు పోతుంది. 1954 నాటి 50 మీటర్ల గాడ్జిల్లా అరుపూ గొంతుది కాదు. సంగీతకారుడు ఇఫుకుబె అకిర తోలు చేతొడుగుకు జిగురు పట్టించి డబుల్ బేస్ తీగల మీద లాగించాడు. మనకు డోలక్ పెద్ద మూత మీద మణికట్టు రాస్తూ లాగితే ఆ గుమ్ము వస్తుంది.

యతిభటుడు: గర్జన సరే, దున్నపోతుల అరుపెవరు అరుస్తారు?

గోదారిగట్టు: పద్యం మీది, దున్నలు మీవి. గొంతు కూడా మీరే ఇవ్వండి.