డిఫాల్ట్ మోడల్‌లో జీడీపీ ఉంచాలా, పీకేయాలా?

గాజువాక_బ్యాలెన్స్‌షీట్: విశాఖ చుట్టుపక్కల 60 కంపెనీల లోన్లలో ఏవి డిఫాల్ట్ అవుతాయో (బాకీ కట్టడం ఆగుతుందో) అంచనా వేసే మోడల్ కడుతున్నా: రొయ్యల ఎగుమతి, ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు), మందుల తయారీ. పదేళ్ల క్వార్టర్లీ డేటా ఉంది. జీడీపీ, రెపో, ఐఐపీ (పారిశ్రామిక ఉత్పత్తి సూచీ), డాలరు రేటు, కమర్షియల్ పేపర్ స్ప్రెడ్ (కంపెనీల స్వల్పకాలిక అప్పు వడ్డీకీ, ప్రభుత్వ అప్పు వడ్డీకీ తేడా)... ఇలా పదమూడు సూచికలు రాసుకున్నా. ఏవి ఉంచాలి?

లాసన్స్‌బే_లాగ్: పదమూడా! కంపెనీలు 60 ఉన్నా జీడీపీ అంకెలు 40యే. మూడు సూచికలు దాటితే మోడల్ నేర్చుకోదు, బట్టీ పడుతుంది. రెపో, పదేళ్ల జీ-సెక్ (ప్రభుత్వ బాండు), సీపీ (కమర్షియల్ పేపర్) రేటు ఒకే తానులో ముక్కలు, ఒకటి చాలు. ముందు జీడీపీ పీకేయండి. క్వార్టర్ అయిన రెండు నెలలకు గానీ రాదు, వచ్చాకా మారుతూనే ఉంటుంది.

మర్రిపాలెం_ఆడిట్: పీకేసి ఆడిటర్ దగ్గరకు వెళ్లి చూడండి. ఇండ్ ఏఎస్ 109 (లోన్ నష్టాలను ముందే లెక్కగట్టమనే అకౌంటింగ్ నియమం) ముందుచూపు అడుగుతుంది. జీడీపీకి ఆర్‌బీఐ, ఐఎంఎఫ్ అంచనాలున్నాయి. సీపీ స్ప్రెడ్‌కి మూడేళ్ల అంచనా ఎవరిస్తారు, మీరా?

లాసన్స్‌బే_లాగ్: అంచనా దొరుకుతోందని పనికిరానిది పెట్టుకుంటామా? 2020 ఏప్రిల్–జూన్ చూడండి. మొదటి అంచనాలో జీడీపీ 23.9 శాతం పడింది. అప్పుడు ఆగస్టు దాకా మారటోరియం, వాయిదాలు ఆపుకోవచ్చు. మార్చి 25 నుంచి ఏడాదిలో జరిగిన డిఫాల్ట్‌ల మీద దివాలా కేసు వేసే వీలే లేదు. జీడీపీ పాతాళంలో, డిఫాల్ట్‌లు కదలవు. ఆ ఒక్క వరుస చాలు, మోడల్‌లో జీడీపీ గుణకం గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడటానికి.

మర్రిపాలెం_ఆడిట్: ఆ క్వార్టర్‌కి డమ్మీ (1 లేదా 0 వేసే విడి కాలమ్) పెట్టండి, అయిపోతుంది.

లాసన్స్‌బే_లాగ్: చేతిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద షాక్‌ని డమ్మీకి అప్పగించి, స్ట్రెస్ టెస్ట్ (గడ్డుకాలం పరీక్ష) దేని మీద చేస్తారు?

జాలారిపేట: షేరు ధరలు, మెర్టన్ (షేరు ధర నుంచి డిఫాల్ట్ అంచనా వేసే పద్ధతి) అంటూ ఎవరైనా వచ్చే ముందే అడుగుతున్నా: ఇక్కడి రొయ్యల కంపెనీల్లో లిస్టయినవి ఎన్ని?

గరివిడి_ఫర్నేస్: ఏటండీ ఈ జీడీపీ గోల! డాలరు రేటు అందరికీ ఒకే గుణకంతో పెడితే ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. రూపాయి పడితే రొయ్యలకు లాభం, మాంగనీస్ ఖనిజం దిగుమతికి దెబ్బ. ఫెర్రోకి సిలికో మాంగనీస్ ధరలోంచి ఖనిజం, కోక్, కరెంటు తీసేయగా మిగిలేదే చూడాలి. టన్నుకి దాదాపు 4,000 యూనిట్లు తాగుతుంది. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్నుకి నాలుగు వేలు గల్లంతు. ఇక ఫర్నేస్ ఆపేయడమే.

మర్రిపాలెం_ఆడిట్: రంగానికో మోడలా? ఇరవై కంపెనీల్లో ఏడెనిమిది డిఫాల్ట్‌లు కూడా దొరకవు.

గరివిడి_ఫర్నేస్: మోడల్ ఒకటే. ప్రతి రంగం మార్జిన్‌లోంచి దాని సగటు తీసేసి, దాని విచలనంతో (ఊగిసలాట కొలతతో) భాగించి, అన్నీ ఒకే కాలమ్‌లో పెట్టండి.

లాసన్స్‌బే_లాగ్: ఇది ఒప్పుకుంటా. దానికి తోడు ఒక క్వార్టర్ ముందటి సీపీ స్ప్రెడ్.

మర్రిపాలెం_ఆడిట్: ఒక క్వార్టర్‌తో ఏమీ రాదు, రెండు కావాలి. మీ డేటాలోనే ఏదో తేడా ఉంది.

లాసన్స్‌బే_లాగ్: నా డేటానా? రేటింగ్ ఏజెన్సీలు డీ (డిఫాల్ట్ ముద్ర) ఇచ్చిన తేదీలండీ అవి!

మర్రిపాలెం_ఆడిట్: రేటింగులా! 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీ ట్రిపుల్ ఏ (అత్యుత్తమ రేటింగ్) నుంచి డీకి ఎన్ని వారాల్లో దిగిందో మరిచిపోయారా?

లాసన్స్‌బే_లాగ్: నేను వాడేది గ్రేడు కాదు మహానుభావా, డీ తేదీ. చదివి మాట్లాడండి.

మద్దిలపాలెం: ఆగండాగండి. ఆడిట్ గారూ, మీ తేదీలు ఏవి?

మర్రిపాలెం_ఆడిట్: 90 రోజుల ఎన్‌పీఏ (మొండి బాకీ). ఇంకేం ఉంటాయి?

మద్దిలపాలెం: అదీ సంగతి. టర్మ్ లోన్ వాయిదా ఒక్క రోజు తప్పితే డీ. ఎన్‌పీఏకి 90 రోజులు దాటాలి. మీరు కొట్టుకుంటున్న క్వార్టర్ ఇదే.

లాసన్స్‌బే_లాగ్: మరి ఎస్‌ఎంఏ-2లో (60 రోజులు దాటిన బాకీ, ఎన్‌పీఏకి ముందు మెట్టు) 89వ రోజు ఒక పాత వాయిదా కట్టి బయటపడేవాడు? మీ లెక్కలో వాడు బంగారం!

మర్రిపాలెం_ఆడిట్: ప్రొవిజన్ (నష్టానికి ముందే పక్కన పెట్టే సొమ్ము) లెక్కలో వాడు డిఫాల్ట్ కాదు. మీకు కావాల్సింది ముందస్తు హెచ్చరిక, అది వేరే మోడల్.

గాజువాక_బ్యాలెన్స్‌షీట్: నాది ప్రొవిజనే. అయితే 90 రోజులు, రంగం మార్జిన్, రెండు క్వార్టర్ల ముందటి స్ప్రెడ్, ఆడిటర్ కోసం జీడీపీ.

లాసన్స్‌బే_లాగ్: పెట్టి తీరాలంటే మొదట ప్రకటించిన అంకెలే పెట్టండి. సవరించినవి పెడితే ఆ రోజు ఎవరికీ తెలియనిది మీ మోడల్‌కి తెలిసిపోతుంది.

జాలారిపేట: 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లింది కదా, దాన్ని ఏ కాలమ్‌లో పెడుతున్నారు?