మలేరియా పరాన్నజీవిలో శక్తినిచ్చే ఎంజైములు కణంలో ఎక్కడుంటాయి?

అమలాపురం అమ్మాయి:
నమస్కారమండి. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను, సెమినార్‌కి మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం వచ్చింది. సీనియర్లిచ్చిన నోట్సులో గ్లైకాలసిస్ (గ్లూకోజును విరిచి శక్తి తీసే మెట్లు) సైటోసోల్‌లో (కణంలోని ద్రవంలో), పైరువేట్ డీహైడ్రోజినేస్ (గ్లైకాలసిస్‌లో వచ్చే పైరువేట్‌ని ఎసిటైల్ కోఎగా మార్చే ఎంజైము) మైటోకాండ్రియాలో అని మనిషి కణం బొమ్మే దించేశారు. ట్రిపనోసోమా అనే మరో పరాన్నజీవిలో మాత్రం గ్లైకాలసిస్ మొదటి ఏడు ఎంజైములు గ్లైకోసోమ్ అనే సంచిలో ఉంటాయట. మలేరియాలోనూ అలాంటిదేమైనా ఉందా? రేపే బోర్డు మీద గీసి చెప్పాలి, టెన్షన్‌గా ఉందండి.

రాజమండ్రి ల్యాబ్:
అమ్మా, గ్లైకోసోమ్ లేదు. గ్లైకాలసిస్ మొత్తం సైటోసోల్‌లోనే. రక్తంలో ఉన్నప్పుడు దాని బతుకంతా గ్లూకోజు మీదే, పురుగు పట్టిన ఎర్రకణం మామూలు కణం కంటే వంద రెట్ల దాకా గ్లూకోజు తినేస్తుంది, అందులో ఎక్కువ భాగం లాక్టేట్‌గా బయటికి పోతుంది. ఆ చివరి మెట్టు ఎంజైమే ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్). రంపచోడవరం వైపు నుంచి చలిజ్వరంతో వచ్చినవాళ్లకి వేలు గుచ్చి, చుక్క రక్తం కిట్ మీద వేసి, బఫర్ పోస్తాం కదా, కణాలు పగిలి ఈ ఎంజైము బయటపడితేనే కొన్ని కిట్లలో గీత వస్తుంది. హెచ్‌ఆర్‌పీ2 అనే పురుగు ప్రోటీన్‌ని పట్టే గీత జ్వరం తగ్గాక కూడా వారాల తరబడి కనిపించొచ్చు, ఎల్‌డీహెచ్ గీత పురుగు చచ్చాక త్వరగా పోతుంది. సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు.

కాకినాడ మాస్టారు:
పైవారు చెప్పింది కరెక్టు. నోట్సులో తప్పు పైరువేట్ డీహైడ్రోజినేస్ దగ్గరుంది. మలేరియాలో అది మైటోకాండ్రియాలో ఉండదు, ఏపికోప్లాస్ట్‌లో ఉంటుంది. నాలుగు పొరల భాగం అది, ఒకప్పటి శైవలం నుంచి వచ్చింది, సొంత డీఎన్‌ఏ సుమారు 35 వేల బేస్ జతలు. అక్కడ ఆ ఎంజైము పని కొవ్వు ఆమ్లాల తయారీకి ఎసిటైల్ కోఎ ఇవ్వడం. మరి మైటోకాండ్రియాలో టీసీఏ చక్రానికి (ఎసిటైల్ కోఎని కాల్చే మెట్ల చక్రం) ఎసిటైల్ కోఎ ఎవరిస్తారంటే, బీసీకేడీహెచ్ అనే వేరే ఎంజైము ఆ పని నెత్తినేసుకుంటుంది. బొమ్మలో ఈ రెండూ వేర్వేరు రంగుల్లో వెయ్యమ్మా, బాణాలు కలిసిపోకుండా.

అమలాపురం అమ్మాయి:
చాలా థాంక్స్ మాస్టారూ. కానీ రక్తంలో గ్లైకాలసిస్‌తోనే బతికేస్తే, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు అందించే బీసీ1 కాంప్లెక్స్‌ని ఆపే అటోవాక్వోన్ అనే మందుకి పురుగు ఎందుకు చచ్చిపోతుందండి?

కాకినాడ మాస్టారు:
మంచి ప్రశ్న, అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ పరాన్నజీవి పిరిమిడిన్లను (డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముక్కలు) బయటి నుంచి తెచ్చుకోలేదు, సొంతంగా చేసుకోవాల్సిందే. అందులో ఒక మెట్టు డీహెచ్‌ఓడీహెచ్ అనే ఎంజైముది, అది మైటోకాండ్రియా లోపలి పొరకి అతుక్కుని ఉంటుంది, తన ఎలక్ట్రాన్లు యుబిక్వినోన్ అనే ఎలక్ట్రాన్లు మోసే అణువుకిస్తుంది, అది వాటిని బీసీ1కి అందిస్తుంది. బీసీ1 ఆగితే యుబిక్వినోన్ మళ్లీ సిద్ధం కాదు, పిరిమిడిన్లు ఆగిపోతాయి, డీఎన్‌ఏ తయారవదు. 2007లో ఈస్ట్ కణాల డీహెచ్‌ఓడీహెచ్‌ని పరాన్నజీవిలో పెట్టి చూశారు, అది సైటోసోల్‌లో ఉంటుంది, యుబిక్వినోన్ అక్కర్లేదు. అది పెట్టిన పురుగులు అటోవాక్వోన్ ఇచ్చినా చావలేదు. ఎవరైనా అడిగితే ఈ ప్రయోగమే చెప్పు.