జీఎన్‌ఎం తర్వాత దూరవిద్యలో బీఎస్సీ, లైసెన్సు పరీక్షలు: సలహా కావాలి

ప్రశ్న: జీఎన్‌ఎం విద్యార్థిని, దేవరకొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రస్తుతం ఇంటర్న్‌షిప్ డ్యూటీలు నడుస్తున్నాయి. నాన్నకు రెండెకరాల పత్తి చేను తప్ప వేరే ఆధారం లేదు, తమ్ముడి చదువు ఇంకా మిగిలే ఉంది, కాబట్టి రిజల్ట్స్ రాగానే నేను ఉద్యోగంలో చేరక తప్పదు. ఈ మధ్య మా హాస్టల్‌కు ఒకాయన వచ్చి, వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్‌ఎం తర్వాత చేసే నర్సింగ్ డిగ్రీ) ఇప్పిస్తామని, కాలేజీ ముఖం చూడనవసరం లేదని, పరీక్షలప్పుడు వెళ్లి వస్తే చాలని, ఆ డిగ్రీ ఉంటే ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష రాసి అక్కడికి వెళ్లిపోవచ్చని చెప్పి అడ్వాన్సు కట్టమంటున్నారు. మా బ్యాచ్‌లో కొందరు ఇప్పటికే కట్టారు. దూరవిద్యలో చేసిన నర్సింగ్ డిగ్రీ నిజంగా చెల్లుతుందా? నాలాగా పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారు మొదట ఏ పరీక్షకు సిద్ధం కావడం మంచిది? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: నర్సింగ్ ట్యూటర్, నల్లగొండ

అమ్మా, ముందుగా ఆ అడ్వాన్సు కట్టకు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020లో తెచ్చిన దూరవిద్య నిబంధనల ప్రకారం, దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడని కోర్సులలో నర్సింగ్ కూడా ఉంది. భారత నర్సింగ్ కౌన్సిల్ దూరవిద్యలో గుర్తిస్తూ వచ్చింది ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వారి పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఒక్కదానినే. అదీ ఇంట్లో కూర్చుని చదివే కోర్సు కాదు. జీఎన్‌ఎం పూర్తి చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరై, రెండేళ్లు పనిచేసిన నర్సుల కోసం ఉద్దేశించినది. ప్రవేశ పరీక్ష ఉంటుంది, కనీస కాలవ్యవధి మూడేళ్లు, కేటాయించిన కేంద్రంలో ప్రాక్టికల్స్‌కు తప్పనిసరిగా హాజరు కావాలి. అందులో చేరదలిస్తే ఆ ఏడాది ప్రవేశ ప్రకటన వెలువడిందో లేదో ఇగ్నో హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రంలో విచారించుకున్న తర్వాతే ముందుకు వెళ్లాలి. రెగ్యులర్‌గా చేస్తే పోస్ట్ బేసిక్ రెండేళ్లే. మన రాష్ట్రంలో ఆ కాలేజీలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. ఎమ్మెస్సీ నర్సింగ్‌ను కూడా దూరవిద్యలో చేయిస్తామనేవారు తగులుతారు, వారినీ నమ్మవద్దు.

విద్యార్థులలో చాలామంది తికమకపడే విషయం ఇంకొకటి ఉంది. మన దేశంలో నర్సుకు లైసెన్సు పరీక్ష అంటూ వేరుగా లేదు. కోర్సు పాసైన తర్వాత తెలంగాణ నర్సుల, మిడ్‌వైవ్‌ల కౌన్సిల్‌లో నమోదు చేయించుకుంటే, ఆ రిజిస్ట్రేషనే నీకు లైసెన్సు. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నోర్సెట్, మన రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి పెట్టే పరీక్ష, ఈ రెండూ ఉద్యోగ పరీక్షలే తప్ప లైసెన్సు పరీక్షలు కావు. లైసెన్సు కోసం పరీక్ష రాయవలసి వచ్చేది పరాయి దేశానికి వెళ్లదలచినప్పుడే. అమెరికా వంటి దేశాలవారు ముఖ్యంగా చూసేది నీ మూల కోర్సులో మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగ్, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, ఈ నాలుగింటిలో ఎన్ని గంటలు తరగతిలో కూర్చున్నావు, ఎన్ని గంటలు వార్డులో పనిచేశావు అన్నది. వార్డు గంటలు లేని డిగ్రీని నువ్వు గోడకు తగిలించుకోగలవేమో గానీ, ఏ బోర్డు ముందూ పెట్టలేవు.

జవాబు: నర్సింగ్ ఆఫీసర్, మహబూబ్‌నగర్

ట్యూటర్ మేడమ్ చెప్పినదంతా నిజమే. నీ ఇంటి పరిస్థితిని బట్టి చూస్తే మొదట రాష్ట్ర పరీక్షనే లక్ష్యంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. 2024లో వెలువడిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో 2,050 పోస్టులు ఉన్నాయి. వాటికి జీఎన్‌ఎం అర్హతే సరిపోయింది. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు 20 మార్కులు కేటాయించారు. అందువల్ల మన దగ్గర ప్రభుత్వ దవాఖానాలో కాంట్రాక్టు పోస్టు పడితే, జీతం కాస్త తక్కువైనా ఆ అవకాశాన్ని వదులుకోవద్దు.

నోర్సెట్‌లో అయితే జీఎన్‌ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు, బీఎస్సీ వారికి ఆ షరతు లేదు. మన పక్కనున్న బీబీనగర్ ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్లను తీసుకునేది కూడా ఆ పరీక్ష ద్వారానే. కాబట్టి ఇప్పుడు చేరబోయే ప్రైవేటు ఆసుపత్రిని జీతం ఒక్కటే చూసి ఎంచుకోవద్దు. దానికి ఎన్ని పడకలు ఉన్నాయో, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇస్తారో లేదో, జీతం బ్యాంకులో వేస్తారో లేదో అడిగి తెలుసుకో. నోటిమాట మీద పెట్టుకుని, చేతికి నగదు ఇచ్చే నర్సింగ్ హోమ్‌లో ఎన్నేళ్లు చేసినా కాగితం మీద అది అనుభవం కిందికి రాదు.

ఇక చదివే పద్ధతి గురించి. మన జీఎన్‌ఎం పరీక్షలో ‘థైరాయిడెక్టమీ తర్వాత నర్సింగ్ కేర్ రాయండి’ అని అడుగుతారు, మనం రెండు పేజీలు నింపి వస్తాం. లైసెన్సు పరీక్షలు, ముఖ్యంగా ఎన్‌క్లెక్స్, అడిగే తీరు వేరు. ఒక రోగికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగి నొప్పి అంటున్నాడు, ఇంకొకరికి షుగర్ 180 ఉంది, మూడో ఆమెకు జ్వరం 100 డిగ్రీలు, నాలుగో ఆమెకు నిన్న థైరాయిడ్ తీశారు, మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది; ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు అని అడుగుతారు. కంఠస్థం చేసినవారు గట్టిగా నొప్పి అంటున్నవారి దగ్గరికి పరుగెత్తుతారు. కానీ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, మూతి తిమ్మిరి దానికి తొలి గుర్తు, ఆలస్యమైతే స్వరపేటిక బిగుసుకుని ఊపిరి ఆడదు. కాబట్టి నాలుగో ఆమె దగ్గరికే ముందు వెళ్లాలి. సబ్జెక్టు రెండింటిలోనూ ఒక్కటే అయినా, ఒకచోట తెలిసినదంతా రాస్తే మార్కులు పడతాయి, ఇంకొకచోట తెలిసిన దానిలో ఏది ముందో తేల్చుకోవాలి. ఈ అలవాటు వార్డులోనే వస్తుంది. నైట్ డ్యూటీలో హ్యాండోవర్ (ముందు షిఫ్టు వారి నుంచి రోగుల వివరాలు) తీసుకున్న వెంటనే, ఎవరిని ముందు చూడాలో, ఎందుకో మనసులో వరస పెట్టుకో, తెల్లవారిన తర్వాత ఆ వరస సరిగ్గా ఉందో లేదో కేస్‌షీట్లతో సరిచూసుకో.

మందుల లెక్కలు మాత్రం రోజూ చేయాలి. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించాలి, సెట్ (సెలైన్ గొట్టం) మిల్లీలీటరుకు 15 చుక్కలు అనుకుందాం. వెయ్యిని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25 వస్తుంది, అంటే నిమిషానికి 31 చుక్కలు. సెట్ మారితే లెక్క మారుతుంది కనుక జవాబు బట్టీ పట్టి లాభం లేదు, ప్యాకెట్ మీది సంఖ్య చూసి చేయడం నేర్చుకోవాలి.

తెలుగు మీడియం అని వెనకడుగు వేయకు. ప్రశ్నను ఇంగ్లీషులో చదివి, ఆ జవాబు ఎందుకు సరైనదో మొదట తెలుగులో ఒక వాక్యం రాసుకుని, ఆ తర్వాత దానినే ఇంగ్లీషులో రాయి. పరీక్ష రాసేది ఇంగ్లీషులోనే అయినా, విషయం మొదట మన భాషలో అర్థం కావడంలో నామోషీ ఏమీ లేదు.

జవాబు: స్టాఫ్ నర్సు, మస్కట్ (సొంతూరు నారాయణపేట)

సిస్టర్, మహబూబ్‌నగర్ మేడమ్‌తో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. అందరూ ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడనవసరం లేదు. నేను జీఎన్‌ఎం తోనే ఇక్కడికి వచ్చాను. గల్ఫ్ దేశాలలో సాధారణంగా అడిగేది రెండేళ్ల అనుభవం, డేటాఫ్లో అనే సంస్థ ద్వారా ధ్రువపత్రాల తనిఖీ, ఆ తర్వాత కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక పరీక్ష. ఆ పరీక్ష నిర్వహించే ప్రోమెట్రిక్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. నావరకు పరీక్ష కంటే తనిఖీయే కష్టమనిపించింది. వారు నీ స్కూలుకూ, కౌన్సిల్‌కూ, పనిచేసిన ఆసుపత్రికీ నేరుగా రాసి అడుగుతారు. ఆసుపత్రి మూతపడినా, రికార్డు లేకపోయినా, జవాబు ఇవ్వకపోయినా నీ ఫైలు అక్కడే ఆగిపోతుంది.

పేరు విషయంలో ఇప్పుడే జాగ్రత్తపడు. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, జీఎన్‌ఎం మెమోలో ఒక్క అక్షరం మాత్రమే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో పడుతుంది. ఎన్‌క్లెక్స్‌కు మన దేశంలోని కేంద్రంలో పాస్‌పోర్టే గుర్తింపు కార్డు, దరఖాస్తులోని పేరు దానితో కలవకపోతే లోపలికి పంపరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునేవారు ఈ దరఖాస్తులన్నీ మొదలుపెట్టకముందే ఆ నిర్ణయం తీసుకోవాలి. ఏజెంటు ఎవరైనా సరే, పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడు. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా అడుగు. జర్మనీకి పంపేవారికి వారే భాష నేర్పిస్తున్నారు.

మళ్లీ ప్రశ్న: జీఎన్‌ఎం విద్యార్థిని, దేవరకొండ

మేడమ్స్ అందరికీ ధన్యవాదాలు. అడ్వాన్సు కట్టడం లేదు, కట్టిన స్నేహితురాళ్లకు కూడా ఇది చూపిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. అమెరికా, ఇంగ్లండ్ ఆలోచన ఇప్పటికి పూర్తిగా మానుకోవాలా?

జవాబు: నర్సింగ్ ట్యూటర్, నల్లగొండ

మానుకోనవసరం లేదు, వరసలో వెనక్కి జరుపు. ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో జరుగుతోంది. ఐదు గంటల సమయంలో 85 నుంచి 150 వరకు ప్రశ్నలు వస్తాయి, నీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న కఠినత మారుతుంది. ఫీజు 200 డాలర్లు, అమెరికా వెలుపల రాస్తే మరో 150, తప్పితే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి. పాసైనంత మాత్రాన వీసా చేతికి రాదు, ఉద్యోగ వీసాల కోటాలో భారతీయులకు ఏళ్లు పడుతుంది. ఇంగ్లండ్‌కు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో రాయడంలో 6.5, మిగిలిన మూడింటిలో ఏడేసి రావాలి, లేదా వైద్యరంగం వారి ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ రాయవచ్చు. ఆ తర్వాత ఇక్కడ కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. ఈ లెక్కన ఇప్పటి నుంచే రోజుకు అరగంట ఇంగ్లీషు రాయడం మొదలుపెడితే రెండేళ్ల అనుభవం పూర్తయ్యే నాటికి పనికివస్తుంది.

రిజల్ట్స్ వచ్చిన వెంటనే కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చెయ్యి, ఉద్యోగంలో చేరాక చూద్దాంలే అనుకోవద్దు. అనుభవాన్ని లెక్కించేటప్పుడు సాధారణంగా రిజిస్ట్రేషన్ తర్వాతి కాలాన్నే పరిగణిస్తారు. జాతీయ నర్సుల రిజిస్టరులో ఇచ్చే ఎన్‌యూఐడీ నంబరు కూడా అప్పుడే తీసుకో. ఆ దరఖాస్తులో ఇంటిపేరును ఒక్క అక్షరంగా కాకుండా పూర్తిగా, ఎస్సెస్సీ మెమోలో ఉన్నట్టే రాయించు.