అమ్మ పేస్‌మేకర్ బ్యాటరీ: 2028 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. లెక్క ఎక్కడ తప్పింది?

బ్యాటరీ కొట్టు (చీపురుపల్లి):

నాకు చీపురుపల్లిలో ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టు ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు లేక జనం అల్లాడిన రోజుల్లో మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా ఆంపియర్ అవర్లతోనే నా బతుకు. ఎవరి ఇంట్లో బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో ఫ్యాన్లు, లైట్లు లెక్కపెట్టి చెప్పేస్తాను, పెద్దగా తప్పదు. అలాంటి నాకు ఒక్క బ్యాటరీ మాత్రం అంతు చిక్కడం లేదు. అది మా అమ్మ ఛాతీలో, ఎడమ భుజం కింద చర్మం లోపల ఉంది.

అమ్మకు 74 ఏళ్లు. గరివిడి దగ్గర పల్లెలో ఉంటుంది. 2017లో చేను గట్టు మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. చూస్తే నాడి నిమిషానికి 36. గుండె పై గది నుంచి కింది గదికి వెళ్లే కరెంటు దారి పూర్తిగా మూసుకుపోయిందని చెప్పి, ఆ జూలైలోనే విశాఖపట్నంలో పేస్‌మేకర్ పెట్టారు. ఒకటే లీడ్ (మిషను నుంచి గుండెలోకి వెళ్లే తీగ), నిమిషానికి 60. రిపోర్టు ప్రకారం 99 శాతం దెబ్బలు మిషనే కొడుతోంది.

ప్రతి చెకప్‌లోనూ బ్యాటరీ ఇంకా ఎన్నాళ్లు వస్తుందో కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. అన్నీ దాచాను:

2017 జూలై: 8 సంవత్సరాల 5 నెలలు
2017 అక్టోబరు: 11 సంవత్సరాల 1 నెల
2020 జనవరి: 8 సంవత్సరాల 10 నెలలు
2022 ఆగస్టు: 4 సంవత్సరాల 7 నెలలు (మధ్యలో కరోనా వల్ల వెళ్లలేకపోయాం)
2025 నవంబరు: 1 సంవత్సరం 4 నెలలు. కనిష్ఠం 10 నెలలు, గరిష్ఠం 20 నెలలు

మూడు నెలలు వాడిన బ్యాటరీ ఆయుష్షు రెండున్నరేళ్లు పెరగడం నా కొట్టులో ఎప్పుడూ చూడలేదు. అలా చెప్పి అమ్మితే నన్ను ఊళ్లో ఉండనివ్వరు. తరువాత రెండున్నరేళ్లలో నాలుగేళ్లకు పైగా తగ్గింది. వోల్టేజి చూద్దామంటే మొదట 2.78, ఇప్పుడు 2.70. ఎనిమిదేళ్లలో పడింది 0.08 వోల్టులు. దీన్నిబట్టి ఏమి తేల్చుకోవాలి? అడిగితే క్లినిక్‌లో ‘కంప్యూటర్ చెబుతుందండీ’ అన్నారు. వెనక ఇంకా ముప్పై మంది వరుసలో ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేను.

బ్యాటరీ చెడిపోతోందా, కంప్యూటర్ లెక్క చెడిపోయిందా? తెలిసినవారు చెప్పగలరు.

సువర్ణముఖి గట్టు:

అన్నా, పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే నాడి వేగం మారుతుందట. ఆ వేగాన్ని బట్టి బ్యాటరీ సంగతి తెలుస్తుందని చదివాను. పాత స్పీకరులోని అయస్కాంతం చాలదా? ఇంట్లోనే చూసుకోవచ్చు కదా.

క్లినిక్ టెక్నీషియన్ (సొంత ఊరు నరసన్నపేట):

ముందు అయస్కాంతం సంగతి. దయచేసి ఇంట్లో పెట్టకండి. అయస్కాంతం తగిలితే చాలా పేస్‌మేకర్లు గుండె సొంత దెబ్బలను గమనించడం మానేసి, గుడ్డిగా ఒకే వేగంతో కొడతాయి. ఆ వేగం బ్యాటరీ స్థితిని చెప్పే మాట నిజమే, కానీ ఒక్కో కంపెనీది ఒక్కో అంకె. మెడ్‌ట్రానిక్‌లో బ్యాటరీ బాగుంటే 85, మార్చే సమయానికి 65. బోస్టన్ సైంటిఫిక్‌లో 100 నుంచి 85కు దిగుతుంది. అంటే 85 అనే ఒకే అంకెకు ఒక చోట ‘ఫరవాలేదు’ అని, ఇంకో చోట ‘వెంటనే రండి’ అని అర్థం. స్పీకరు ముక్క పట్టుకుని తేల్చే వ్యవహారం కాదు.

కొట్టు గారూ, మీరు ఇచ్చిన వివరాల్లో అసలైనది లేదు. ప్రతి రిపోర్టులోనూ ‘అవుట్‌పుట్’ లేదా ‘యాంప్లిట్యూడ్’ అని ఒక వరుస ఉంటుంది, వోల్టుల్లో. పక్కనే మిల్లీసెకన్లలో పల్స్ వెడల్పు, అంటే ఒక్కో దెబ్బ ఎంతసేపు ఉంటుందో ఆ అంకె ఉంటుంది. ఇంకా థ్రెషోల్డ్ (గుండె కదలడానికి చాలే కనీస వోల్టేజి), లీడ్ నిరోధం, బ్యాటరీ నిరోధం. ఈ ఐదూ తేదీల వారీగా పెట్టండి.

బ్యాటరీ కొట్టు (చీపురుపల్లి):

కాగితాలు ముందేసుకుని రాస్తున్నాను. పల్స్ వెడల్పు అన్నింటిలోనూ 0.4. లీడ్ నిరోధం 480, 520 ఓంల మధ్యే తిరుగుతోంది. అవుట్‌పుట్ 2017 జూలైలో 3.5 వోల్టులు. అక్టోబరులో 2.5 చేశారు. 2020లో కూడా 2.5. 2022 ఆగస్టులో మళ్లీ 3.5, ఇప్పటికీ అంతే. థ్రెషోల్డ్ మొదట్లో 0.75 ఉండేది, 2022లో 1.5 అని ఉంది. ఆ ఏడాది అమ్మ రెండు మూడుసార్లు తల తిరుగుతోందని చెప్పింది, అందుకే తీసుకువెళ్లాం.

బ్యాటరీ నిరోధం మొదట 300 ఓంలు, ఇప్పుడు 3,800. ఇది మాత్రం నాకు నచ్చలేదు.

క్లినిక్ టెక్నీషియన్ (సొంత ఊరు నరసన్నపేట):

ఇక చిక్కు లేదు. మీ కొట్టు భాషలోనే చెబుతాను.

ఈ బ్యాటరీ సుమారు 1 ఆంపియర్ అవర్ అనుకోండి. మీరు 150 ఏహెచ్‌వి అమ్ముతారు, ఇది అందులో నూటయాభయ్యో వంతు. కానీ దీని ఖర్చు మైక్రోఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతుల్లో ఉంటుంది. 10 మైక్రోఆంపియర్లు లాగితే లక్ష గంటలు వస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి 11.4 ఏళ్లు.

ఆ ఖర్చులో రెండు పద్దులు ఉంటాయి. ఒకటి పరికరం సొంత తిండి: లోపలి గడియారం, గుండెను కనిపెట్టే సర్క్యూట్, మెమరీ. ఇది 8 మైక్రోఆంపియర్లు అనుకుందాం. రెండోది గుండెకు ఇచ్చే దెబ్బ. 2.5 వోల్టులను 500 ఓంలతో భాగిస్తే 5 మిల్లీఆంపియర్లు. అది పారేది 0.4 మిల్లీసెకనే. నిమిషానికి 60 అంటే సెకనుకు ఒక దెబ్బ, కాబట్టి సగటున 2 మైక్రోఆంపియర్లు. మొత్తం 10.

ఇప్పుడు 3.5 వోల్టులు పెట్టండి. దెబ్బకు 7 మిల్లీఆంపియర్లు, సగటు 2.8. ‘అంతేనా, 0.8 పెరిగిందా’ అనుకుంటారు. మెలిక ఇక్కడే ఉంది. బ్యాటరీ ఇచ్చేదే 2.8 వోల్టులు. అంతకు మించి కావాలంటే వోల్టేజిని రెట్టింపు చేసే సర్క్యూట్ పనిచేయాలి. మీకు తెలియనిది కాదు, వోల్టేజి ఊరికే పెరగదు, బ్యాటరీ నుంచి లాగే కరెంటు రెట్టింపవుతుంది. 2.8 కాస్తా 5.6 అవుతుంది. మొత్తం 13.6. అప్పుడు వచ్చేది 8.4 ఏళ్లు.

మీ మొదటి కాగితంలో 8 సంవత్సరాల 5 నెలలు అని ఉంది కదా. నేను గుండ్రంగా వేసిన అంకెలే సరిగ్గా కలిసొచ్చాయి. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి, వరస మాత్రం ఇదే.

కొత్తగా లీడ్ పెట్టినప్పుడు దాని మొన గుండె కండరంలో కుదురుకునేదాకా థ్రెషోల్డ్ పెరిగి తగ్గుతుంది. అందుకే మొదటి రెండు మూడు నెలలు ఎక్కువ వోల్టేజి పెట్టి, తరువాత తగ్గిస్తారు. మీరు చూసిన ‘పెరుగుదల’ అదే. ఇంట్లో ఏసీ ఆపేస్తే ఇన్వర్టర్ ఎక్కువసేపు వస్తుంది, అంతకు మించి వింత లేదు.

ఒక పని చేయండి. ‘ఇంకా ఎన్నేళ్లు’ అనేది వదిలేసి, ప్రతి అంకెనూ ఆ నెలకు కలిపి తేదీగా రాయండి. 2017 జూలై కాగితం 2025 డిసెంబరు అంటుంది. 2017 అక్టోబరుది 2028 నవంబరు. 2020ది కూడా 2028 నవంబరే. 2022ది 2027 మార్చి. ఇప్పటిదీ 2027 మార్చే. సెట్టింగు కదలనంత కాలం తేదీ కదల్లేదు. కదిలింది రెండేసార్లు, రెండుసార్లూ వోల్టేజి మార్చిన రోజునే. కంప్యూటర్ ‘ఈ రోజు ఖర్చు ఇలాగే సాగితే’ అని మాత్రమే చెబుతుంది. రేపు థ్రెషోల్డ్ పెరుగుతుందని దానికి ముందే తెలియదు.

బ్యాటరీ నిరోధం చూసి భయపడకండి. లిథియం అయోడిన్ బ్యాటరీల తీరే అంత. లిథియానికీ అయోడిన్‌కూ మధ్య లిథియం అయొడైడ్ పొర ఏర్పడుతుంది, వాడేకొద్దీ మందమవుతుంది. వోల్టేజి చివరిదాకా బల్లపరుపుగా ఉంటుంది, నిరోధమే పెరుగుతూ పోతుంది. అందుకే దీని ఆయుష్షును వోల్టేజి కన్నా నిరోధమే బాగా చెబుతుంది. మీరు కూడా లోడు పెట్టకుండా 12.6 వోల్టులు చూసి బ్యాటరీ మంచిదని అనరు కదా.

బ్యాటరీ కొట్టు (చీపురుపల్లి):

తేదీలుగా రాసి చూశాను. సిగ్గేసింది. గిరాకీ వచ్చి ‘బ్యాటరీ త్వరగా దిగిపోతోంది’ అంటే నేను మొదట అడిగేది ‘కొత్తగా ఏమి తగిలించారు’ అనే. ఇక్కడ ఆ ప్రశ్నే మరిచిపోయాను.

అయితే మళ్లీ 2.5కు దించమని అడగవచ్చా? ఐదారు నెలలు మిగిలినా మిగిలినట్టే.

క్లినిక్ టెక్నీషియన్ (సొంత ఊరు నరసన్నపేట):

అడగండి, కానీ పట్టుబట్టకండి. థ్రెషోల్డ్ అంటే గుండెను కదిలించడానికి కావలసిన కనీస వోల్టేజి. దానికి రెట్టింపు పెట్టడం వాడుక. 1.5కు రెట్టింపు 3.0, అదే 2.8 దాటిపోయింది. మీ అమ్మగారి దెబ్బలన్నీ దాదాపు మిషనువే, పొదుపు కోసం ఆ రక్షణ అంచు తగ్గించుకోవలసిన మనిషి కాదు. 2022లో తల తిరిగినప్పుడు వోల్టేజి పెంచినవారు మంచి పనే చేశారు. ఇప్పుడు థ్రెషోల్డ్ మళ్లీ 1.0కు వచ్చి ఉంటే వేరే సంగతి, అది చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

విశ్రాంత లెక్కల మాస్టారు (విజయనగరం):

ఈ చర్చ ఆనందంగా చదివాను. నా ఛాతీలో ఉన్నది రెండో మిషను. మొదటిది 2009లో పెట్టారు, రెండు లీడ్లది.

2018 దసరా ముందు నాకు కోట చుట్టూ నడక బరువైంది. మెట్లెక్కితే ఆయాసం. వయసు అనుకున్నాను. లెక్కల వాణ్ణి కదా, వాచీ పెట్టుకుని నాడి చూసుకునే అలవాటు ఉంది. కూర్చున్నా 65, మెట్లెక్కి వచ్చినా 65. ఒక్కటి అటూ ఇటూ లేదు. నాలుగు రోజులు అంతే. మా అబ్బాయి తీసుకువెళ్తానంటే సిరిమానోత్సవం అయ్యాక చూద్దామన్నాను. పైడితల్లి అమ్మవారి దయ, ఏమీ కాలేదు, కానీ అది నా మూర్ఖత్వం. వెళ్తే చెప్పారు: బ్యాటరీ మార్చవలసిన స్థాయికి వచ్చింది, అందుకే మిషను పై గది లీడును ఆపేసి, పొదుపు కోసం కింది గదిని మాత్రం 65తో కొడుతోందని. ఆ స్థాయికి వచ్చాక సాధారణంగా మూడు నెలల గడువు ఉంటుందట. నేను అందులో కొన్ని వారాలు వృథా చేశాను.

మార్చడం పెద్ద పని కాదు. మత్తు అక్కడికే ఇచ్చారు. బ్యాటరీ ఒక్కటే తీయడం కుదరదు, డబ్బా మొత్తం మారుస్తారు. లీడ్లు బాగుంటే పాతవే తగిలిస్తారు. ముందుగానే మార్చేయమని అంతకు ఏడాది క్రితమే అడిగితే మా డాక్టరు గారు ఒప్పుకోలేదు. గాయం తెరిచిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ ముప్పు ఉంటుంది, ఉన్న బ్యాటరీని పారేసి ఆ ముప్పు ఎందుకు కొనుక్కుంటారని కోప్పడ్డారు.

కొట్టు నాయనా, నీకు నచ్చే సంగతి ఒకటి. మనిషి శరీరంలో పెట్టిన మొట్టమొదటి పేస్‌మేకర్ 1958లో స్వీడన్‌లో, ఆర్నే లార్సన్ అనే ఆయనకు. అందులో ఉన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీ, బయటి నుంచి తీగచుట్టతో చార్జింగ్ పెట్టుకునేది! అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన తరువాత ఇరవైకి పైగా మిషన్లు మార్పించుకుని, 2001లో 86 ఏళ్ల వయసులో పోయారు. ఈ చార్జింగ్ గొడవ తరువాత వచ్చిన పాదరసం బ్యాటరీలతోనే పోయింది, 1972లో లిథియం అయోడిన్ వచ్చాక మిషన్లు ఇంకా ఎక్కువ ఏళ్లు రావడం మొదలైంది.

బ్యాటరీ కొట్టు (చీపురుపల్లి):

మాస్టారూ, నమస్కారం. చార్జింగ్ మాట అమ్మకు చదివి వినిపించాను. ‘అయితే నన్ను కూడా నీ కొట్టులో రాత్రంతా తగిలించి ఉంచేవాడివన్నమాట’ అంది.

మీరు చెప్పినట్టు రోజూ నాడి చూడమని మా చెల్లికి చెప్పాను. క్యాలెండరు మీద రాస్తోంది. మూడు రోజులుగా 60, 60, 61. ఆ 61 చెల్లి తప్పే అయి ఉంటుంది.

ఇక ఎన్నాళ్లకు ఒకసారి చూపించాలి? ఏమేమి పట్టుకెళ్లాలి?

క్లినిక్ టెక్నీషియన్ (సొంత ఊరు నరసన్నపేట):

ఇక ఏడాదికి ఒకసారి చాలదు. ఈ దశలో మూడు నెలలకు ఒకసారి చూడాలి, దగ్గరపడేకొద్దీ ఇంకా తరచుగా. మీ మోడల్‌లో బ్యాటరీ హెచ్చరిక వచ్చినప్పుడు నాడి ఎంతకు మారుతుందో ఈసారి అడిగి, ఆ అంకెను క్యాలెండరు పైనే పెద్దగా రాసి పెట్టండి. అన్ని మిషన్లకూ 65 కాదు. నాడి అకస్మాత్తుగా తగ్గినా, తల తిరిగినా తేదీ కోసం చూడకుండా బయలుదేరండి.

పేస్‌మేకర్ గుర్తింపు కార్డు తప్పనిసరి, అందులో మోడల్, లీడ్ వివరాలు ఉంటాయి. పాత రిపోర్టులన్నీ తీసుకువెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకొక్క మాట. మన వైపు దహనమే కాబట్టి, పేస్‌మేకర్ ఉన్న సంగతి ఇంట్లో ఇద్దరు ముగ్గురికైనా తెలిసి ఉండాలి. దాన్ని ముందే తీయించకపోతే మంటలో పేలుతుంది. మీ అమ్మగారి గురించి అనడం లేదు, ఇది చదివే అందరికీ.

బ్యాటరీ కొట్టు (చీపురుపల్లి):

అనవలసిన మాటే, ఏమీ అనుకోలేదు.

ఫిబ్రవరిలో మొదటి సోమవారానికి వెళ్తున్నాం. పొద్దున్న రైలుకు. కార్డు కోసం రెండు రోజులు ఇల్లంతా వెతికాను. బీరువాలో లేదు, ఆసుపత్రి సంచిలో లేదు. చివరికి రేషన్ కార్డు కవరులో దొరికింది. ‘ముఖ్యమైన కార్డులన్నీ ఒకచోట ఉండాలి కదా’ అంటోంది అమ్మ.