బహుళ క్రీడా ప్రాంగణాలకు ప్రజాధనం: కట్టడానికా, నడపడానికా?

ప్రశ్న:
ఈతకొలను, ఇండోర్ హాలు, అథ్లెటిక్స్ ట్రాక్, ఫుట్‌బాల్ మైదానం అన్నీ ఒకేచోట ఉండే పెద్ద క్రీడా ప్రాంగణానికి స్థానిక సంస్థ నిధులు కేటాయించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, పన్ను కట్టే సామాన్యుడు దాని మంచిచెడ్డలను ఎలా బేరీజు వేసుకోవాలి? ఆటలు ఆరోగ్యానికి మంచివన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే అదే సొమ్ముతో పేటపేటకూ చిన్న మైదానం ఏర్పాటు చేస్తే ఇంకా ఎక్కువ మంది ఆడుకుంటారు కదా అన్న సందేహం నన్ను వదలడం లేదు. నిర్మాణ వ్యయంలో సగాన్ని పైస్థాయి ప్రభుత్వం గ్రాంటుగా ఇస్తుందని చెప్పగానే చర్చ ముగిసిపోతోంది.

జవాబు 1:
చర్చ అక్కడ ముగిసిపోవడమే అసలు ప్రమాదం. గ్రాంటు ఒక్కసారే వస్తుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల కొలనులో 25 లక్షల లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటిని నిరంతరం వడగట్టాలి, క్రిమిరహితం చేయాలి, చలి ప్రాంతాల్లో వెచ్చబెట్టాలి. పైకప్పు ఉంటే గాలిలో చేరే తేమను కూడా తొలగించాలి. ఈదేవారు పదిమందైనా రెండువందల మందైనా ఈ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. సింథటిక్ మైదానం పైపరుపును సుమారు పదేళ్లకొకసారి మార్చాల్సి వస్తుంది. అందువల్ల మీరు అడగవలసింది నిర్మాణ అంచనా కాదు, ఇరవై ఏళ్ల నిర్వహణ లెక్క.

నార్వేలో ప్రభుత్వ లాటరీ సంస్థ ఆదాయం నుంచి క్రీడా వసతులకు సహాయం అందుతుంది. అయితే ఆ వసతి మునిసిపాలిటీ ప్రణాళికలో ముందే చేరి ఉండాలి, దశాబ్దాలపాటు ప్రజలకు తెరిచి ఉంచుతామన్న షరతుకు కట్టుబడాలి. ఇటువంటి షరతు లేని గ్రాంటును నేనైతే అనుమానిస్తాను. 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన మాంట్రియల్ స్టేడియం అప్పు 2006లో గాని తీరలేదు. అది ప్రపంచస్థాయి పోటీల వ్యవహారమే అయినా, అప్పు స్వభావం ఎక్కడైనా అదే.

జవాబు 2:
పై మిత్రుని లెక్కలతో ఏకీభవిస్తూనే, చిన్న మైదానాలే మేలన్న ప్రశ్నలోని అభిప్రాయంతో విభేదిస్తున్నాను. ఖాళీ జాగా చదును చేస్తే మైదానం అవుతుందేమో గాని, వానాకాలంలోనూ చీకటి పడ్డాకా ఆడుకునే వసతి కాదు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ఒక్క హ్యాండ్‌బాల్ హాలులో వేర్వేరు రంగుల గీతలతో బాస్కెట్‌బాల్, వాలీబాల్ కోర్టులతోపాటు నాలుగైదు బ్యాడ్మింటన్ కోర్టులూ అమరుతాయి. దుస్తులు మార్చుకునే గదులు, కాపలా, పార్కింగ్ అన్నింటికీ ఉమ్మడిగా సరిపోతాయి. స్కేటింగ్ చేసే మంచు రింకును చల్లబరిచే యంత్రాలు విడిచే వేడితో పక్కనున్న కొలనును వెచ్చబెట్టే ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ప్రేక్షకుల గ్యాలరీల దగ్గర. ఈత పోటీల వేదికైన లండన్ అక్వాటిక్స్ సెంటర్‌లో 2012 ఒలింపిక్స్ సమయంలో సుమారు 17,500 సీట్లు ఉండగా, ఇరువైపులా రెక్కల్లా తాత్కాలికంగా కట్టిన గ్యాలరీలను తొలగించి, 2014లో చాలా తక్కువ సీట్లతో ప్రజలకు తెరిచారు.

జవాబు 3:
సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు కోర్టులు ఎవరి చేతిలో ఉంటాయో కూడా అడగండి. నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగిస్తే, ఆ వేళలు ఎక్కువ రుసుము చెల్లించే క్లబ్బులకు వెళ్లిపోవడం సహజం. పగటిపూట పాఠశాలలకు, సాయంత్రాల్లో కొన్ని గంటలు సాధారణ ప్రజలకు తక్కువ రుసుముతో ఇవ్వాలన్న నిబంధన ఒప్పందంలోనే ఉండాలి. తర్వాత చేర్చడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న అడిగినవారు:
ప్రతిపాదన పత్రాన్ని మళ్లీ చదివాను. ఐదువేల సీట్ల గ్యాలరీ గురించి రెండు పేజీలున్నాయి, నిర్వహణ ఖర్చు ప్రస్తావన ఒక్క వాక్యంలో కూడా లేదు. ఇరవై ఏళ్ల లెక్కనూ సాయంత్రపు వేళల కేటాయింపునూ లిఖితపూర్వకంగా కోరుతున్నాను. గ్యాలరీ తగ్గిస్తే ఎంత మిగులుతుందో కూడా అడుగుతాను.