నరాల డాక్టరుగా అమెరికా వెళ్లినవాళ్లు చెప్పండి: ఉద్యోగం చేస్తూ మనవాళ్లకు సేవ చేయడం వీలవుతుందా?

హౌస్‌సర్జన్, శ్రీకాకుళం:
కిందటేడు మా అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే మాట ముద్దగా వస్తుంటే, రాత్రి నిద్ర పట్టలేదేమో అనుకుని మధ్యాహ్నం దాకా పడుకోబెట్టారు. నేను డ్యూటీలో ఉన్నాను. ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి మందు ఇచ్చే సమయం దాటిపోయింది. అప్పటి నుంచీ న్యూరాలజీ తప్ప వేరే ఆలోచన లేదు. అమెరికా వెళ్లి చదవాలని ఉంది, కానీ అక్కడికెళ్లాక మన భాషకీ మనవాళ్లకీ దూరమైపోతానేమోనని భయం. ఆ దారిలో వెళ్లినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

రెండో ఏడాది రెసిడెంట్:
పరీక్షల వరకు నేను చెప్తాను. అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో మొదటిది స్టెప్ 1. దానికి 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. అందుకని ఇప్పుడు అందరూ స్టెప్ 2 మార్కులే చూస్తున్నారు. రోగిని పరీక్షించి చూపించే స్టెప్ 2 సీఎస్‌ని 2021లో ఎత్తేశారు, ఇంగ్లిష్ కోసం ఓఈటీ మెడిసిన్ రాయాలి. న్యూరాలజీ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ, మొత్తం నాలుగేళ్లు: మొదటి ఏడాది జనరల్ మెడిసిన్, తర్వాత మూడేళ్లు నరాల విభాగం. సేవ సంగతి నన్నడక్కండి, ప్రస్తుతానికి నాకు నిద్రే దొరకట్లేదు.

నరాల డాక్టరు:
అమ్మమ్మగారి సంగతి చదివి మనసు బరువెక్కిందమ్మా. మీ ఇంట్లోవాళ్ల తప్పు లేదు. నొప్పి లేని జబ్బుకి ఎవరూ కంగారుపడరు.

నాది గుంటూరు మెడికల్ కాలేజీ. 1998లో ఈసీఎఫ్‌ఎంజీ వాళ్లు, అంటే బయటిదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హత చూసే అమెరికా సంస్థ, కొత్తగా క్లినికల్ పరీక్ష పెట్టారు. ఏ దేశం వాళ్లయినా దానికి ఫిలడెల్ఫియా వెళ్లాల్సిందే. దానికోసమే మొదటిసారి విమానం ఎక్కాను, నాన్న పొలం కాగితాలు కుదువపెట్టి డబ్బు తెచ్చారు. 1999లో జె-1 వీసా మీద రెసిడెన్సీలో చేరాను. ఆ వీసాకి ఒక మెలిక ఉంది. చదువయ్యాక రెండేళ్లు మన దేశం వెళ్లి ఉండాలి, లేదా డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేయాలి. ఈ రెండో దారినే కాన్రాడ్ 30 అంటారు, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. నేను కాన్సస్‌లో ఒక చిన్న ఊరికి వెళ్లాను. చుట్టుపక్కల నరాల డాక్టరుని నేనొక్కదాన్నే. మూర్ఛలు, పార్కిన్సన్స్, తలనొప్పులు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆ మూడేళ్లలో నేర్చుకున్నంత పని మళ్లీ ఎక్కడా నేర్చుకోలేదు. వెళ్లాల్సి వస్తే భయపడకండి.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు జవాబుగా ఒక రాత్రి గురించి చెప్తాను. 2011. అప్పటికి పెద్ద ఊరి ఆసుపత్రికి మారాను. అత్యవసర విభాగంలో అరవై దాటిన తెలుగావిడ, కొడుకు దగ్గరికి వచ్చి నెలయింది. కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. కాగితం మీద 'అయోమయం, ఇంగ్లిష్ రాదు' అని రాసి ఓ పక్కన ఉంచారు. ఫోన్‌లో దుబాసీని పిలిస్తే, "ఈవిడ మాట్లాడేది తెలుగు కాదండీ, ఇంకేదో భాష" అన్నాడట.

నేను మంచం పక్కన వంగి విన్నాను. రాగం తెలుగుదే. విరుపులన్నీ మనవే, ఉండాల్సిన చోటల్లా "కదా", "అండీ" పడుతున్నాయి. మధ్యలో మాత్రం మాటలు లేవు, మాటల్లాంటి శబ్దాలున్నాయి. "అమ్మా, కళ్లు మూసుకోండి" అన్నాను. నవ్వి, నా చెయ్యి పట్టుకుని, అదే ధారలో ఇంకేదో చెప్పింది. నా మాట చెవిలో పడుతోంది, అర్థం లోపలికి పోవట్లేదు. మెదడు ఎడమవైపు మాటని అర్థం చేసుకునే చోట రక్తనాళం మూసుకుంటే ఇలాగే ఉంటుంది. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు. భాష తెలియనివాళ్లకి అది అయోమయంలాగే కనిపిస్తుంది.

ఎప్పటిదాకా బాగున్నారని అడిగితే కొడుక్కి గుర్తు రాలేదు. పెద్దకూతురితో ఇండియాకి ఫోన్ మాట్లాడిందని చెప్పి ఫోన్ తీసి చూశాడు: ఎనిమిదీ పదికి పెట్టేసింది. సీటీ తీశాం, రక్తస్రావం లేదు. రక్తపు గడ్డని కరిగించే టీపీఏ మందు ఎక్కించడం మొదలుపెట్టేటప్పటికి, ఆవిడ ఫోన్ పెట్టేసి 2 గంటల 40 నిమిషాలు. మూడో రోజు పొద్దున "మంచినీళ్లు" అని స్పష్టంగా అడిగింది. మనవల పేర్లు తిరిగి రావడానికి నెలలు పట్టింది, కొన్ని మాటలు రానే లేదు.

ఆ రాత్రి నేను కాక ఇంకెవరు డ్యూటీలో ఉన్నా ఏమయ్యేదో అని చాలా రోజులు ఆలోచించాను. ఆ తర్వాతే గుడి హాల్లో ఆదివారాలు కూర్చోవడం మొదలుపెట్టాను. బీపీ చూస్తాం. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి "స్ట్రోక్", "తెలుగు", ఇంటి నంబరు చెప్పడం పలికించి నేర్పిస్తాం. మాట తేడా వచ్చినవాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దని, ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యొద్దని ప్రతిసారీ చెప్తాం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, వచ్చింది రక్తస్రావమైతే ఆస్పిరిన్ ఇంకా చెరుపు చేస్తుంది. బిల్లుకి భయపడి తెల్లారేదాకా ఆగేవాళ్లు చాలామంది ఉన్నారు. 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం ప్రాణం మీదికొచ్చినప్పుడు, డబ్బున్నా లేకపోయినా అత్యవసర విభాగం చూసి తీరాలని వాళ్లకి చెప్పాలి. తర్వాత బిల్లు వస్తుంది, అదీ దాచకుండా చెప్పాలి.

కాబట్టి దూరమైపోతానన్న బెంగ వద్దు. మీ తెలుగు అక్కడ మీ చేతిలో పనిముట్టు.

హౌస్‌సర్జన్, శ్రీకాకుళం:
మేడమ్, రెండుసార్లు చదివాను. ఒక్క సందేహం. పక్షవాతం తీవ్రత కొలిచే స్ట్రోక్ స్కేలులో బొమ్మలకు పేర్లు చెప్పించే భాగం ఉంది కదా, తెలుగువాళ్లకి మీరు ఎలా చేస్తారు?

నరాల డాక్టరు:
మంచి ప్రశ్న. ఆ ఎన్‌ఐహెచ్ స్కేలులో నేను వాడే కార్డు మీద చేతితొడుగు, తాళంచెవి, కుర్చీ, ఈక, జెముడు, ఉయ్యాల ఉంటాయి. బొమ్మలతో పెద్ద ఇబ్బంది లేదు. చదివించే పదాల్లో హకిల్‌బెర్రీ, బేస్‌బాల్ ప్లేయర్ ఉంటాయి, అవి మన అమ్మలకి ఎప్పుడూ వినని మాటలు. వాటి బదులు "రేపు పొద్దున్నే ఊరికి బయల్దేరాలి" అని నాతోపాటు అనమంటాను. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటాను.

భాష మీద పరిశోధన చేయాలనుంటే సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో అచ్చువేసిన అధ్యయనం చదవండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని చూశారు. రెండు భాషలు వచ్చినవాళ్లకి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది.

ఆదివారం వాలంటీరు:
నేను డాక్టర్ని కాదు, ఈ మేడమ్‌తో గుడి హాల్లో కుర్చీలు వేసేదాన్ని. ఒకసారి మతిమరుపు పరీక్షల రోజు కర్నూలు పెద్దాయనకి వేరుశనక్కాయల బొమ్మ చూపిస్తే "బుడ్డలు" అన్నారు. మాది కృష్ణా జిల్లా, ఆ మాట నేనెప్పుడూ వినలేదు. తప్పని రాసేశాను. మేడమ్ చూసి కొట్టేసి, ఆయన పక్కన కూర్చుని మీ ఊళ్లో ఇంకేమంటారని అడిగారు. ఇప్పుడు మా కార్డు వెనక ఒక్కో బొమ్మకి జిల్లాలవారీగా పేర్లు రాసి ఉంటాయి. శ్రీకాకుళం గడి చాలావరకు ఖాళీగానే ఉంది. మీ అమ్మమ్మగారిని అడిగి పంపుతారా?

హౌస్‌సర్జన్, శ్రీకాకుళం:
అమ్మమ్మకి ఇంకా కొన్ని మాటలు తడబడుతున్నాయండి. బొమ్మలు పంపండి, సాయంత్రం పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడుగుతాను.